ఏ పక్క?

పదమూడో ఏట
పర్లాకిమిడిలో జాకెట్లు కుట్టే సూరమ్మ
టేపు మెడలో వేసుకుని
చాలాసేపు నా వెనకాలే నిలబడిపోయింది.
"గుంట తిన్నగా నిలబడ్డం లేదా, గుడ్డే తప్పా?" అంది.
గుడ్డ తప్పు కాదు.
అప్పట్నుంచీ ఎడమ చంక కింద అరంగుళం ఎక్కువ ఉంచి కత్తిరించేది.
దానికి డబ్బులడిగేది కాదు.

నాన్నది కొమ్ముపని.
గేదెకొమ్ము సెగన పెట్టి, నూనె రాసి,
మెత్తబడ్డ క్షణం చూసి కొంగ మెడ వంచేవాడు.
"నన్నూ అలా సెగ పెట్టి తిన్నగా లాగెయ్యొచ్చు కదా నానా"
అనడిగితే ఆకురాయి ఆపలేదు.
ఆ రోజు మాత్రం రెండు కొంగలు విరిగాయి.

ఐదో నెల దాటాక
పొట్ట ముందుకి, వీపు పక్కకి,
మధ్యలో ఊపిరి అద్దెకున్నట్టు.
కుడి పక్కటెముకల కింద బిడ్డ మడమ.
గోడకి తలగడ ఆన్చి కూర్చునే నిద్ర,
గుణుపురం రైలు కూత వినబడితే తెల్లారినట్టు లెక్క.
అత్త సీతాలు వేణ్ణీళ్ళ సీసా
పాత పంచెలో చుట్టి తెచ్చి నడుం దగ్గర పెట్టి పోయేది,
ఏమీ అనకుండా.
నడుం వంకరోళ్ళకి మత్తుసూది దిగదని
వీధి వీధంతా తెలుసు.
అలా దిగని మనిషిని చూసినవాళ్ళు మాత్రం
ఆ వీధిలో ఒక్కరూ లేరు.

ఏడో నెలలో బరంపురం, బస్సులో నాలుగు గంటలు.
మత్తు డాక్టరు ఇతిశ్రీ పాణిగ్రాహి పొట్టి మనిషి,
చెప్పులు విప్పి స్టూలెక్కి
పెళ్ళికి ముందు తీసిన పాత ఫిల్ము కిటికీకి పట్టింది.
అందులో నేను:
తడిసిన దారిలో పాము పోయిన జాడ.
తర్వాత బొటనవేలితో ఒక్కో పూసా తడిమింది,
కొమ్ములో పగులు వెతికే నాన్నలా.
"కుదరొచ్చు. సగమే కుదరొచ్చు. అసలు కుదరకపోనూవచ్చు"
అంది, విరిగిన తెలుగులో.
నా వీపు గురించి నాకు అబద్ధం చెప్పని మొదటి మనిషి.

భాద్రపదం. ఆ రాత్రి కరెంటు రెండుసార్లు పోయింది.
నొప్పి కడుపులో బయల్దేరి వీపు దాకా వచ్చి
ఆ మలుపులో బండి దిగబడినట్టు దిగబడేది.
నర్సు ఝునూ నా నుదురు తన భుజానికి ఆన్చుకుంది.
వెనక నీలం పెన్ను చల్లగా చుక్కలు పెట్టుకుంటూ దిగింది.
మొదటి సూది ఎముకని తాకింది.
రెండోది నిప్పు.
కుడికాలు దానంతటదే తన్నింది.
వెనకనుంచి మెల్లగా,
"కేఉఁ పట?"
ఏ పక్క?
"కుడి."
సూది నూలుపోగంత జరిగింది.
"కేఉఁ పట?"
"కుడే. కానీ తక్కువ."
మళ్ళీ.
ఈసారి ఏ పక్కా కాదు.
నాకూ ఒక నడిమధ్య ఉందని
అప్పుడే తెలిసింది.

మందు చల్లగా దిగింది.
కుడితొడ నాది కాకుండా పోయింది.
ఎడమన అరచేతి మేర నొప్పి కదల్లేదు,
బాకీ వసూలుకొచ్చినవాడిలా గుమ్మంలోనే కూచుంది.
ఎడమకి తిరిగి పడుకోమంది డాక్టరు,
గొట్టం గోరంత వెనక్కి లాగి ఇంకాస్త పోసింది.
తగ్గింది.
పోలేదు.
మిగిలిన ఆ కొసనే పట్టుకుని నెట్టాను.
రెండు కిలోల ఆరువందలు. ఆడపిల్ల.
ఏడుపు విని ఝునూ టైము చూడ్డం మర్చిపోయింది.

మూడోనాడు ఆముదం రాస్తూ అత్త ఆగింది.
"ఏటే ఈ నీలం సుక్కలు?"
ఏడట, వంకరగా దిగుతూ.
"నలుగెట్టనా, పోతాయి."
"ఉండనీ" అన్నాను.
ఆవిడ వేళ్ళు వాటి మధ్యలోంచే
ఒక్కొక్కదాన్నీ తప్పించుకుంటూ పోయాయి,
తడారని ముగ్గులో
అడుగు చూసుకుని వేసినట్టు.