రసమట్టం

మూడు రాత్రులుగా మా ఇల్లుబండి
కుడి ముందు మూలకి ఒరుగుతోంది.
పడుకునేటప్పుడు సమంగానే ఉంటుంది.
తెల్లారేసరికి హార్లన్ నా మీదికి దొర్లి ఉంటాడు,
పెళ్ళయిన కొత్తల్లోలాగా.
మొదటిరోజు మురిసిపోయాను.
లేచి చూస్తే గట్టు మీది కోడిగుడ్డు కూడా
దొర్లి సింకులో పగిలి ఉంది.

జనవరి. అరిజోనా ఎడారి.
గులకరాళ్ళు, క్రియోసోట్ పొదలు, వందల బండ్లు,
మంచుకి భయపడి పారిపోయొచ్చిన ముసలివాళ్ళం.
నేల చదునుగానే కనిపిస్తుంది.
గిన్నెడు నీళ్ళు పారబోస్తే
బయటపడుతుంది దాని బుద్ధి.

రాత్రి జాకీ కింద అట్టముక్క పరిచాను.
పొద్దున దాని మీద డాలరు బిళ్ళంత ఎర్ర మరక,
పక్కనే దాని పిల్లలు ఏడు.
"సీలు పోయింది, ఆర్డెల్" అన్నాడు హార్లన్
మూడు దుప్పట్ల కిందనుంచి.
తుంటి మార్పించుకున్నాక
అతను బండి కింద దూరలేడు,
మాటలు మాత్రం దూరుస్తాడు.

మైనాట్ బళ్ళో ముప్పై ఒక్కేళ్ళు వండాను.
గంగాళం వంచే గొలుసుకి గ్రీజు పెట్టింది నేనే.
నాకు మసి కొత్తా?

ముందు దిమ్మెలు.
చట్రం కింద నాలుగు ఓక్ దిమ్మెలు పడందే
తల లోపలికి పెట్టకూడదు.
పదమూడు టన్నుల బండి
నూనె ఇచ్చిన మాట మీద నిలబడి ఉంటుంది.
నూనె చెప్పి మాట తప్పదు.
ఈ సంగతి నాకు ఫార్గోలో ఒకాయన భార్య చెప్పింది.
చెప్పడానికి ఆయన లేడు.

పక్క బండి క్రూజ్ అబేటా
కాఫీ కప్పుతో వచ్చి గొంతుక్కూర్చున్నాడు.
న్యూ మెక్సికోలో రోడ్డు యంత్రాలు బాగుచేసిన చేతులు.
"చేత్తో తడమకు," అన్నాడు,
"ఒత్తిడిలో ఉన్న నూనె సూదిలా చర్మంలోకి దిగుతుంది.
తుడువు. ఆరనివ్వు. పౌడరు చల్లు."

హార్లన్ పాదాలకి పూసే పౌడరు డబ్బా సగం ఖాళీ చేశాను.
చట్రమంతా మా ఊరి డిసెంబరు అయింది.
పంపు వేశాను. అది గురకపెట్టింది.
ఆ తెల్లదనంలో సన్నగా, తాపీగా
ఒక ఎర్రగీత నడుచుకుంటూ వచ్చింది.
జాకీ దగ్గర మొదలైంది కాదు.
ఆరడుగుల అవతల, కవాటం పక్క,
గొట్టం బిగించిన మూలనుంచి
చట్రం అంచు పట్టుకుని వచ్చి
ఇక్కడ రాలుతోంది.
మూడు రోజులు ఊరికే తిట్టాను, పాపం, జాకీని.

జాకీ పైకి లాగేసి, ఒత్తిడి వదిలేసి
రెండు పానాలతో విప్పాను.
మోచేతిదాకా ఎర్రనూనె.
లోపల ఓ-రింగు, ఒకపక్క నలిగి, తెగి,
ఎండిన నేరేడు తొక్కలా.

ఊళ్ళో ఇనుప సామాన్ల కొట్టు కుర్రాడికి
సైజు చూపిద్దామని వేలికి తొడిగాను.
"శుభాకాంక్షలు మేడమ్" అన్నాడు వెధవ.
నలభై సెంట్లు.

బిగించేటప్పుడు అబేటా అన్నాడు:
"ఇంకొక్క చుట్టు అనిపిస్తుంది చూడు,
అక్కడ ఆపెయ్.
ఎవరో ఆపలేదు. అందుకే నలిగింది."

పోయిన వేసవిలో బిగించిందెవరో నాకు తెలుసు.
పచ్చడి సీసా మూత కూడా
మళ్ళీ తెరవలేనట్టు బిగిస్తాడు.

లోపలికొచ్చి చేతులు కడుక్కున్నాను.
"ఏమైంది?"
"నువ్వన్నదే. సీలు."
దిండుకి ఆనుకుని అతను
కాస్త ఎత్తుగా కూర్చున్నాడు.

నూనె నింపి, గాలి పోయేలా
మూడుసార్లు జాకీ దించి ఎత్తాను.
హార్లన్ బల్ల మీద రసమట్టం పెట్టి కేకలేశాడు:
"కుడి... ఇంకాస్త... ఆ బుడగ వస్తోంది...
ఆపు, ఆపు!"
ఈసారి వెంటనే ఆపమన్నాడు.

తెల్లారి అట్టముక్క పొడిగా ఉంది.
గుడ్డు గట్టు మీదే ఉంది.
హార్లన్ తన వైపే పడుకుని ఉన్నాడు,
నోరు తెరుచుకుని, మట్టంగా.

కాసేపు చూశాను.
ఆ తర్వాత
నేనే దొర్లాను.