సూప్ అడిగినవాళ్లకి

రండి, లోపలికి రండి. గొడుగు ఆ మూల పెట్టండి.
లేదు, మీరు దారి తప్పలేదు.
బోర్డు సరిగ్గానే చదివారు:
బూట్లు బాగుచేయబడును, తాళంచెవులు చేయబడును.

బస్టాండు బెంచీ మీది పెద్దాయన పంపాడు కదూ?
నీలం టోపీ, ఎడమ చెవి మీదికి ఒరిగి.
"ఫిట్ లైక్" అనుంటాడు.
అబర్డీన్‌లో కుశలమడగడం అలాగే, కంగారు పడకండి.
భోజనం ఎక్కడ బాగుంటుందని మీరడిగుంటారు.
అడక్కపోయినా చెప్పుంటాడు.

హార్బరు వైపు దిగండి, రెండో సందు,
మిసెస్ ఫార్కర్ హోటలు, కిటికీకి ఆవిరి పట్టి ఉంటుంది,
పొగబెట్టిన హాడక్ చేప, బంగాళాదుంప, పాలు,
చెంచా నిలబెడితే నిలబడుతుంది అందులో.
అంతేనా?
గాల్లో చెంచా నిలబెట్టి చూపించాడా?

ఆ పొయ్యి ఆరి పదకొండేళ్లు.
ఇదిగో, మడమలు అరగదీసే ఈ మిషను ఉందే, ఇక్కడే ఉండేది.
వాన రోజు గోడలోంచి చేప పొగ వాసన
తోలు వాసనను పక్కకి నెట్టి వస్తుంది.
రెండుసార్లు రంగు వేయించాను. పోలేదు.
మూడోసారి వేయించలేదు.

ఆయన పేరు వాటీ క్రుక్‌షాంక్.
ముప్పై ఏళ్లు ఉత్తర సముద్రంలో వలలు లాగాడు.
ఒడ్డుకొచ్చిన ప్రతి పొద్దునా ఆ కిటికీ పక్క బల్ల,
కోటు కూడా విప్పేవాడు కాదు.
వాళ్లిద్దరికీ ఏమైనా ఉండేదా అంటారా,
నాకేం తెలుసు, అప్పుడు నేను ఎదురు సందులో తాళంచెవులు అరగదీసుకునేదాన్ని.
ఒకటి మాత్రం చూశాను.
రేవులో సగం మందికి అరువు పెట్టిన మనిషి
ఆయన దగ్గర మాత్రం లెక్కపెట్టి తీసుకునేది,
ఒక్క పెన్నీ వదలకుండా,
చాలాసేపు.

మరిచిపోయాడనుకుంటున్నారా?
శవపేటికను గోతిలోకి దించడానికి మా దగ్గర ఎనిమిది తాళ్లుంటాయి.
అందులో ఒకటి ఆయన చేతిలోనే ఉంది.
అందరూ వదిలేశాక కూడా.

సరే, మీ ఆకలి సంగతి చూద్దాం.
పెద్ద వీధిలో తెల్ల గుడ్డలు పరిచిన హోటళ్లున్నాయి,
ఎవరైనా డబ్బులిస్తుంటే వెళ్లండి.
గుమ్మంలో కిల్టు కట్టుకున్న బొమ్మ నిలబెట్టిన చోటికి మాత్రం
ఉచితమన్నా వద్దు.
ఇక్కణ్ణుంచి ఎడమకి, ఎఫీ బేకరీ.
బటరీలు అడగండి. చూస్తే ఎవరో తొక్కినట్టుంటాయి.
ఉప్పగా, కొవ్వు కొవ్వుగా, పొరలు పొరలుగా.
పడవల మీద రెండు వారాలైనా చెడకూడదని పుట్టిన రొట్టె అంటారు.
దాని మీద మళ్లీ వెన్న రాస్తుంది, వద్దనకండి.
బయట నిలబడి తినకండి,
మా సీగల్స్‌కి పోలీసులన్నా లెక్కలేదు.

సూపే కావాలంటారా?
చేపల మార్కెట్టు వెనక పచ్చ తలుపు, బోర్డుండదు.
లారీ డ్రైవర్ల వెనకాల నిలబడండి.
చెంచా నిలబడదు. వేడిగా మాత్రం ఉంటుంది.

ఒక్క సాయం చేయండి.
బస్సెక్కే ముందు ఆయన అడుగుతాడు, ఎలా ఉందని.
బాగుందని మాత్రం అనకండి,
బాగుందన్న జర్మన్ దంపతుల్ని అరగంట ప్రశ్నలడిగాడు.
ఉప్పు కాస్త తగ్గిందనండి.
అంతే.
"ఎప్పుడూ అంతేలే, ఉప్పు దగ్గర పిసినారి" అని
టోపీ రెండో చెవి మీదికి లాక్కుంటాడు.
ఆ వారానికి సరిపోతుంది.

వాన ఆగింది.
చూడండి, తడిసిన రాతిగోడ ఎలా మెరుస్తోందో,
ఎవరో ఇప్పుడే కల్లుప్పు చల్లి వెళ్లినట్టు.
ఆగండాగండి, మీ కుడి బూటు మడమ ఊగుతోంది.
ఆ కిటికీ పక్కన కూర్చోండి, రెండు నిమిషాలు.

ఎంతా?
లెక్కపెట్టి తీసుకుంటాను లెండి,
ఒక్క పెన్నీ వదలకుండా.