ఖాళీ డబ్బా

యంత్రం తప్పు చేయలేదు.
నేను పంపిన గీతనే
పొల్లు పోకుండా చెక్కింది.
రెండడుగుల నాపరాయి,
పైన ఉర్దూలో, కింద తెలుగులో
పఠాన్ రహమత్ బీ.
ఉర్దూ పఠాన్ నడుమ
ఠ పలకాల్సిన చోట
నాలుగు గీతల ఖాళీ డబ్బా.

ఫాంటులో లేని అక్షరానికి
కంప్యూటర్ కట్టే గోరీ అది.

తెర మీద చూసుకోలేదు నేను.
ఎర్రగుంట్లలో ఆ పొద్దు మూడుసార్లు కరెంటు పోయింది,
వచ్చిన ప్రతిసారీ తొందర.
ఫాంటేమో ఎవరో ఇచ్చిన పెన్ డ్రైవులోది,
తాళం పగలగొట్టిన సరుకు.
దానికి అరబ్బీ తెలుసు, ఉర్దూ తెలీదు.
నాకు రెండూ తెలీవు.

కొడుకు వచ్చినాడు.
కనుబొమల మీద సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ము అట్లనే ఉంది.
ఆయప్పకూ ఉర్దూ చదవను రాదు.
ఎడమ నుంచి మొదలుపెట్టి, నాలిక కరుచుకోని,
కుడి నుంచి వేలితో తడుముకుంటా వచ్చి
డబ్బా కాడ ఆగినాడు.
"ఇదేం అచ్చరంమ్మా?"
తప్పు పట్టను కాదు,
నేర్చుకుందామని అడిగినాడు.
అదే నన్ను కోసింది.

మస్తానప్ప పల్లెత్తు మాట అనలేదు.
నలభై ఏండ్లు ఉలితో పేర్లు కొట్టిన మనిషి,
యంత్రం వచ్చినంక
అంచులు రుద్దే పని మిగిలిందాయనకు.
రాయిని బోర్లా తిప్పినాడు.
నీళ్లు చల్లి, వెనక మొహం నున్నగా రుద్ది
తెల్లారేదాకా పాత చేత్తో కొట్టినాడు.
తప్పు మొహం మట్టికి.
"ఆయమ్మ పేరు రెండుసార్లు రాసినట్టాయె, పో సుంకమ్మా."

మరుసటి రాత్రి
మంచి ఫాంటు కోసం వెతికినా.
దొరికింది. దుడ్లు అడగలేదు.
ఏ ఊరోళ్లో, ఎవరి పిల్లోళ్లో,
ఆ ఉర్దూ అక్షరం నెత్తిన ఉండే
చిన్న కొక్కేన్ని కూడా గీసి పెట్టినారు.
తెలుగులోకి దిగితే
మన బండి ఱ ఉంది.
రేనాటి రాళ్ల మీద ఉండి
మా బడి పలక మీద లేని ఴ కూడా ఉంది.
ఎవరూ రాని గదిని
రోజూ ఊడ్చి పెట్టినట్టు.

లైసెన్సు చదివినా.
మా ఓనరు బాకీ పత్రం కన్నా సులువు.
వాడుకో. విప్పి చూడు. మార్చుకో. పదిమందికియ్యి.
ఉత్త ఫాంటును మాత్రం అమ్ముకోవద్దు.
మార్చినావంటే
పేరు మార్చు.

అప్పుడు పుట్టింది బుద్ధి.
పాత రాళ్ల మీద కాగితం పరిచి
బొగ్గుతో రుద్దినా.
మస్తానప్ప ళ కు ఒక వంపు ఉంటుంది,
పిల్లి ఒళ్లు విరుచుకున్నట్టు.
ఆ వంపు పట్టుకునే సరికి ఎండాకాలం అయిపోయింది.

ఇంకొకటి కూడా చేసినా,
యంత్రానికి ఆదేశాలు రాసే తెర కోసం.
అందులో ప్రతి అక్షరానికీ ఒకటే వెడల్పు,
బండలు పరిచిన వరండా మాదిరి.
సున్నా కడుపులో చుక్క పెట్టినా,
ఇంగ్లీషు ఓ అనుకుంటే
ఉలి ఏ దిక్కు పోతుందో ఎవరికి తెలుసు.

మస్తానప్ప అద్దాలు పైకి తోసి చూసినాడు.
"శ్రీకీ, ర కీ ఒకటే కొలత సొక్కానా?
లావు పిల్లోడు ఊపిరి బిగబట్టుకోని
ఫొటోకి నిలబడినట్టుండాడు."
ఒప్పుకున్నా.
స్త్రీ అయితే
కింద వత్తు, పైన గుడి, ఎటు చూసినా ఇరుకే.
స్త్రీకి రెండు గళ్లు ఇచ్చినా.
ఎందుకని అడిగినోళ్లు లేరు.

"నీ పేరు పెడతా పెద్దాయనా, దీనికి."
"వద్దు మే.
నా పేరు ఒగసారే చెక్కాల.
దానికింకా టైముండాది."

కంప్యూటర్ పేరడుగుతాంది.
నాలుగు గీతల డబ్బా,
లోపల సన్న గీటు
వెలుగుతా, ఆరుతా.
బయట
మస్తానప్ప ఉలికి సాన పడతాండాడు.