పావుకిలో

బస్తా మూతి విప్పి
మోచేతిదాకా చెయ్యి దించి
అడుగునుంచి ఒక పిడికెడు, నడిమినుంచి ఒక పిడికెడు
తీస్తాడు మా మేనమామ జెమాలెత్తిన్.
పావుకిలో తూగాక
చిన్న సుత్తితో ఒక్కొక్క హేజల్ కాయా పగలగొడతాను నేను.
పెంకులొక పళ్ళెంలో, పప్పొక పళ్ళెంలో.
పప్పు ఎంత శాతమో పలక మీద రాస్తాను.
యాభై వస్తే రైతు మీసం కింద నవ్వు.
నలభైఆరొస్తే
టోపీ తీసి మళ్ళీ పెట్టుకుంటాడు.
అంతే. కొండవాలు మీద ఏడాది కష్టానికి
పావుకిలో చెప్పిందే వెల.

ఫలితాలొచ్చిన వారానికి దొరికింది ఈ పని.
దొరికింది అనకూడదేమో.
దాక్కోవడానికి చోటు కావాలి,
కొట్టు వెనక గదిలో దీపం సరిగా వెలగదు.

నా ర్యాంకు
మూడు లక్షల పన్నెండు వేల నాలుగువందల ఆరు.
గిరెసున్ ఊరు ఊరంతా వచ్చి నిలబడినా
నా ముందున్న వరుస నిండదు.
నిద్రలో అందరి వీపులూ కనిపిస్తాయి.
ఒక్క మొహమూ ఇటు తిరగదు.

పన్నెండేళ్ళ బడి,
అమ్మ చేతినుంచి మాయమైన రెండు బంగారు గాజులు,
అన్నీ కలిపి ఒక శనివారం, ఒక ఆదివారం.
ఆ ఆదివారం నలభైమూడో ప్రశ్న దగ్గర
నా ముక్కునుంచి రక్తం కారింది.
కాపలా ఉన్నావిడ కాగితం రుమాలు ఇచ్చింది,
టైము ఇవ్వలేదు.
ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.
చెబితే సాకు.
చెప్పకపోతే పెంకులో పురుగు.

అమ్మ ఒక్క మాటా అనలేదు.
ఆ రాత్రి మొక్కజొన్న రొట్టె కాల్చి
పెద్ద ముక్క నా పళ్ళెంలో పెట్టింది.
తిట్లయితే మింగేదాన్నే,
ఆ రొట్టె గొంతు దిగలేదు.
పక్కింటి ఫెహిమె పిన్ని మెట్ల మీద ఆపి
"ఎంతొచ్చింది?" అంది.
ఎంత అనే మాటకి ఇన్ని పళ్ళుంటాయని
అప్పటిదాకా తెలీదు.

ఒక మంగళవారం వాన. బేరాల్లేవు.
ఊసుపోక ఒకే బస్తాని మూడుసార్లు తూచాను.
నలభైఏడు.
యాభైఒకటి.
నలభైతొమ్మిదిన్నర.
మామకి చూపించాను.
"చెయ్యి ఎటు పోతే అటు" అన్నాడు
టీలో చక్కెర కలుపుతూ.
"మరి రైతుకి ఏది చెబుతావు?"
"మొదటిది."
స్పూను ఆగలేదు. నేనే ఆగిపోయాను.

ఊరట కలిగిందనుకోకండి.
ముందు ఒళ్ళు మండింది.
సుత్తి జారి బొటనవేలు నల్లబడింది.

ఉర్ఫానుంచి కాయ ఏరడానికొచ్చిన కూలీల్లో
రోజ్దా అని నా ఈడుదే.
ట్రాక్టరు మీదనుంచి బస్తాలు దించుతుంది,
వేళ్ళకి పచ్చితొక్కల మరక.
తనూ పరీక్ష రాసిందట.
ఆ పళ్ళున్న మాట నా నోటిదాకా వచ్చింది,
పెదవులు బిగించాను.
తనే చెప్పింది:
"ఏడు లక్షల చిల్లర.
చిల్లర గుర్తులేదు."
"ఇప్పుడేం చేస్తావు?"
"మళ్ళీ రాస్తా. లేకపోతే రాయను.
ముందు ఈ కొస పట్టుకో, జారిపోతోంది."
పట్టుకున్నాను. బస్తా బరువు ఇద్దరికీ సమానంగా లేదు,
నా వైపే ఎక్కువ వాలింది. తను నవ్వింది.

ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ
పన్నెండు వేల నాలుగువందల...
ఆరా? ఎనిమిదా?
ఆరే. గుర్తుంది.
కానీ లాంతరు స్తంభం నుంచి రొట్టెల అంగడి దాకా
గుర్తులేదు.

అమ్మ నా బొటనవేలు చూసింది.
"ఏమైంది?"
సుత్తి అనబోయి
ఆ ఆదివారం గురించి చెప్పేశాను,
నలభైమూడో ప్రశ్న, రుమాలు, కాగితం మీద పడ్డ చుక్క.
అమ్మ చాలాసేపు గిన్నె తుడుస్తూనే ఉంది.
తర్వాత దగ్గరకొచ్చి
గడ్డం పట్టి నా మొహం దీపం వైపు తిప్పి
"ఏ వైపు?" అని అడిగింది.