అడ్డగీత

ఒక్కో చేతిలో ఆరు మగ్గులు.
పన్నెండింటితో మెట్లు దిగుతానంటే బయటివాళ్లు నమ్మరు.
గడపకి తెలుసు,
నా మోకాళ్లకి తెలుసు.

గుమ్మం మీద చెక్కిన ఏడు పదిహేను వందల ముప్పై ఆరు;
దాని మీద రంగు మాత్రం నిరుటిది.
దూలాలు మసి తాగి తాగి
కింద ఎన్ని బల్బులు మార్చినా
పైన రాత్రే.

మా బీరుకి పొగ వాసన.
బీచ్ కట్టెల మంట మీద ఎండిన బార్లీ మరి.
మొదటిసారి తాగేవాడు మొహం చిట్లించి
"పొయ్యి కడిగిన నీళ్లా?" అంటాడు.
రెండోది మాట్లాడకుండా తాగుతాడు.
మూడోదానికి నా పేరు పట్టేస్తాడు:
ట్రౌడ్ల్, ఇంకోటి!
పిలవనక్కర్లేదు నిజానికి.
మగ్గుని బల్ల మీద పక్కకి పడుకోబెడితే చాలు,
అది దాహమని మా ఊళ్లో పిల్లలకీ తెలుసు.

గురువారం పంది జబ్బ.
తోలు పటపటలాడాలి, లోపల స్పూనుకే విడిపోవాలి.
పక్కన పిడికెడంత బంగాళాదుంప ఉండ,
పుల్లబెట్టిన క్యాబేజీ,
కడుపులో కైమా కూరిన ఉల్లిగడ్డ.
దాని మీద పోసే పులుసూ బీరుతో చేసిందే.

పొయ్యి పక్క మూల ఓట్‌మార్‌ది.
ముప్పై ఒక్క ఏళ్లు ఇక్కడి కాగులు ఆయన మాట విన్నాయి.
రోజుకి నాలుగు మగ్గులు.
అట్టబిళ్ల మీద నా పెన్సిలు నాలుగు గీతలు,
టోపీ, కర్ర, గుడ్ నైట్.

మూడేళ్ల కిందటి జ్వరం ఆయన ముక్కుని ముక్కులాగే వదిలి
వాసనని పట్టుకుపోయింది.
డాక్టరుకీ నాకూ తప్ప ఎవరికీ తెలీదు.
ఆయన చెప్పలేదు.
ఒకరోజు వంటవాడు మాడ్చిన జబ్బని పొరపాటున ఆయనకే పెట్టాను.
పక్క బల్లవాళ్లు కిటికీ తెరిచారు.
ఆయన మాత్రం తిని, మూతి తుడుచుకుని,
"ఎప్పటిలాగే బాగుంది" అన్నాడు.

ఇవాళ రోన్యా వచ్చింది నేలమాళిగలోంచి.
కొత్తగా కాగుల బాధ్యత తీసుకున్న పిల్ల,
రబ్బరు బూట్లు, చెవి మీద ఎండిన నురగ.
తన మొదటి పీపా తనే సుత్తితో కొట్టి తెరిచి
మొదటి మగ్గు ఆయన ముందు పెట్టి
నిలబడే ఉంది.
పేకాట ఆగింది.

ఓట్‌మార్ మగ్గుని చెవి దగ్గర పెట్టుకున్నాడు.
నురగ చిట్లే చప్పుడు విన్నాడు.
కిటికీ వెలుగులోకి ఎత్తి చూశాడు.
ఒక గుక్క.
"కట్టెలు తడిశాయి."

రోన్యా మెడ దాకా ఎర్రబడింది.
"ఫిబ్రవరి గాలివానకి టార్పాలిన్ లేచిపోయింది.
నేనెవరికీ చెప్పలేదు.
ఇంత పొగలో ఎలా పట్టారు?"
ఆయన వేలితో ముక్కు మీద రెండుసార్లు తట్టాడు.
గది గదంతా బల్లలు చరిచింది.

నేనేమీ అనలేదు.
కట్టెల మోపు ఆయన వంటింటి కిటికీకి ఎదురుగానే ఉంటుంది.
ఆ గాలివాన మర్నాడు
పొయ్యి పక్కన నేల తుడిచింది నేనే.
బురద, బీచ్ బెరడు ముక్కలు,
కర్ర గుండ్రంగా దిగిన గుర్తులు.
టార్పాలిన్ తనంతట తాను వచ్చి కప్పుకోలేదుగా.

నాలుగోది అయ్యాక ఆయన లేవలేదు.
మగ్గుని పక్కకి పడుకోబెట్టాడు.
పదేళ్లలో మొదటిసారి
ఆయన అట్ట మీద అడ్డగీత గీశాను.

అయిదోది పెట్టగానే నావైపు తోసి,
చిన్నగా,
"ఎలా ఉంది, ట్రౌడ్ల్?"

పనిలో తాగకూడదు. వాసన చూశాను.
"పొగ ముందొస్తోంది, పాత స్వెట్టర్‌కి పట్టినట్టు.
దాని వెనక రొట్టె అంచు.
ఆ తర్వాత..."
ఆగాను.
"నిజంగానే కాస్త పచ్చి కట్టె వాసన ఉంది, ఓట్‌మార్."

కళ్లు మూసుకున్నాడు.
"రొట్టె గురించి ఇంకోసారి చెప్పు" అన్నాడు.

చెప్పేదాన్నే.
ఏడో నంబరు బల్ల మీద మూడు మగ్గులు
పక్కకి పడుకుని ఉన్నాయి.