మూడు మీటర్లకి ఇవతల

ఐదున్నరకి భీమిలి వంతెన కింద
గోస్తనికి ఇంకా రంగు రాలేదు.
పసుపుపచ్చ కయాక్‌ని ఇసకలోంచి ఈడుస్తుంటే
పొట్ట కింద గుల్లలు గరగరమన్నాయి.
అడుగున ఒక మాటుంది. రుషికొండ బండ పెట్టిన గుర్తు.
"పాటు మొదలైపోనాది, బేగి తిరిగొచ్చీయండి" అన్నాడు
మైలపల్లి ఎల్లాజీ, వల చిక్కు తీస్తూ, తలెత్తకుండా.
సరే అన్నాను. నేనెప్పుడూ సరే అంటాను.

ఒళ్ళో, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన కెమెరా.
పసిబిడ్డలా ఏం కాదు,
ఇంకా ఏడు వాయిదాలున్న వస్తువులా పట్టుకున్నాను.

ఒడ్డు మీంచి చూస్తే కొంగ తెల్ల చుక్క.
కయాక్‌లో కూచుంటే నాకన్నా పొడుగు.
ఇక్కడ తల ఎత్తాల్సింది నేనే.

తెడ్డు అడ్డంగా పెట్టి, కారడం ఆగేదాకా ఆగాను.
రాలే చుక్క కూడా వాటికి అడుగుల చప్పుడే.
వల కట్టే వెదురు మీద లకుముకి పిట్ట
నీలం రంగు కోపంలా కూచుంది.
గురి చూశాను. అదీ చూస్తోంది, నన్ను కాదు.
నొక్కాను.
దొరికింది: ఖాళీ వెదురు, ఇంకా ఊగుతూ.

ఇలాంటివి నా దగ్గర చాలా ఉన్నాయి.
నారాయణ పక్షివి కాళ్ళు మాత్రం రెండు,
రేవుపిట్ట మునిగాక మిగిలిన వలయం,
నీటికుక్కేనని నేను ఒట్టేసి చెప్పగల
ఒక నల్లటి మరక.

వారమంతా పెద్దాసుపత్రి ఎక్స్‌రే గదిలో
అద్దం వెనకనించి నేననేది ఒకటే మాట:
ఊపిరి బిగపట్టండి.
షిప్‌యార్డు వెల్డర్లు, చంటిపిల్లల తల్లులు,
దగ్గుని మింగేసి నిలబడిపోతారు.
కదలకపోతేనే బొమ్మ.
ఒక్కోసారి వదలమని చెప్పడం మర్చిపోతాను.
పాపం, బుగ్గలు పొంగించి అలాగే ఉంటారు.

మడచెట్ల మలుపులో కయాక్ ఉన్నట్టుండి బరువెక్కింది.
తెడ్డుకి బురద తగిలింది.
జానెడు నీళ్ళు, బెత్తెడు నీళ్ళు, ఆ పైన ఉత్త మెరుపు.
దిగితే మోకాలి లోతు. దిగలేదు.
ఎల్లాజీకి ఫోన్ చేస్తే చాలాసేపు నవ్వాడు.
"పోటొచ్చీదాకా కూకోండి. ఏటి సేస్తాం."

కూచున్నాను.
ముందు పీతలు. ఒక కన్నంలోంచి ఒక ఎర్ర చెయ్యి,
చూస్తుండగా వంద చేతులు.
తర్వాత ఉల్లంకులు, పదో పన్నెండో,
ఏ మంచుదేశం దాటొచ్చాయో,
జారిపోయిన చెవిదుద్దు వెతుక్కునే మనుషుల్లా
బురదంతా తడుముకుంటూ.
ఒకటి నావైపే నడిచింది.
ఐదు మీటర్లు. నాలుగు. దాని కంట్లో ఆకాశం.
మూడు.
అక్కడ కెమెరా చేతులెత్తేసింది.
లోపలేదో ముందుకీ వెనక్కీ గిరగిరా తిరిగి, అంతా పొగమంచు.
దగ్గరివి దానికి ఆనవు.
అంత డబ్బు పోసి కొన్నది దూరాన్నే మరి.

దించేశాను.
కయాక్ నీడలో అది ముక్కు దించి తీసింది,
కొసన సన్నటి పురుగు, ఒక బురద బొట్టు.
ఎడమ కాలికి ఒక వేలు లేదు.
తీరం వెంట నేవీ హెలికాప్టరు పోయింది.
తల ఒరగేసి ఒక కంటితో పైకి చూసింది. నేనూ చూశాను.
అప్పుడు తెలిసింది, నేను ఊపిరి బిగపట్టి ఉన్నానని.
వదిలాను.
అది ఎగరలేదు.

పదింటికి పోటు నన్ను ఒడ్డుకి తెచ్చి పడేసింది.
"ఎన్ని తీసేరు?"
"ముప్ఫై ఆరు. అన్నీ వెదుళ్ళే."
కాలివేలు లేని ఉల్లంకి సంగతి మాత్రం చెప్పాను.
"అదా" అన్నాడు ఎల్లాజీ, వలలోంచి కన్ను తీయకుండా,
"నిరుడూ ఒచ్చినాది."