రాయనిది జరగనట్టే

హిమాయత్‌నగర్‌లో నాకు అప్పిచ్చిన ఆఫీసు
ఇప్పుడు కళ్లద్దాల దుకాణం.
లోపలికి వెళ్తే కుర్చీలో కూర్చోబెట్టి
గోడ మీది అక్షరాలు చదవమన్నాడు ఓ కుర్రాడు.
ఆఖరి వరస దాకా చదివాను.
చిన్న అక్షరాలు చదవడం
ఇదే గదిలో, సంతకాలు పెట్టేశాక
నేర్చుకున్నాను బాబూ.

ఆ కంపెనీని ఇంకో కంపెనీ మింగింది.
పాత లోన్ నంబరు కొడితే
సరి చూసుకోమంటుంది తెర.
కొత్త నంబరుతో ఉత్తరం పంపారట,
అది మూసాపేటలో మా పాత అద్దింటికి పోయిందట.
ఫోన్‌లో నలభై నిమిషాల సన్నాయి,
మధ్యమధ్యలో నేను వాళ్లకు ఎంత ముఖ్యమో.

వడ్డీ సర్టిఫికెట్ దారి తప్పింది గానీ
ఈఎంఐ ఒక్క నెలా తప్పలేదు.
ఐదో తారీఖున, నేనింకా కళ్లు తెరవకముందే,
పంతొమ్మిది వేల రెండువందల ముప్పై ఒకటి
ఎవరినీ అడ్రసు అడక్కుండా
వచ్చి పట్టుకుపోతుంది.

"ప్రూఫ్ లేదు కదా సిస్టర్,"
జనవరిలో క్లర్కు ఆ గడిలో సున్నా చుట్టాడు.
ఫిబ్రవరి జీతం సగమే వచ్చింది.
పాలతనికి మార్చిలో ఇస్తానని చెప్పడం
ఆ సున్నాలో ఎక్కడా కనపడదు.

జూలై ఇరవై తొమ్మిది, నైట్ డ్యూటీ.
కిటికీ అవతల ఎర్రగడ్డ రోడ్డు మోకాల్లోతు.
రెండింటి ఇంజెక్షన్ ఇచ్చి
సంతకం మరిచింది నఫీసా.
"రాయనిది జరగనట్టే" అన్నాను,
పద్దెనిమిదేళ్లుగా ప్రతి కొత్త పిల్లకీ అన్నట్టే.
అని,
నా నోట్లో మాట నాకే గుచ్చుకుని
కాసేపు ఊరుకున్నాను.

బెడ్ నంబరు తప్పు పడి పక్కన పడేసిన
టెంపరేచర్ చార్టు తిప్పి గీతలు గీశాను.
పోయినేటి సర్టిఫికెట్‌లో ఆఖరి అంకె పైన వేసి
నెలనెలా దిగడం మొదలుపెట్టాను.
ఏప్రిల్: వడ్డీ పదమూడు వేల తొమ్మిదివందల పదమూడు.
అసలు ఐదు వేల మూడువందల పద్దెనిమిది.
అసలు దగ్గర పెన్ను ఆగింది.
అసలు ఎంత కట్టాను?
అసలు ఎందుకు కట్టాను?
మనవల్ని ఎత్తుకుని
అసలు కన్నా వడ్డీ ముద్దంటారు గానీ
ఆ ముద్దు మొదట తెలిసింది
అప్పిచ్చినవాడికే అయ్యుంటుంది.

నాలుగో బెడ్‌కు దగ్గు తెర వస్తే లేచాను.
ఏడో బెడ్ సెలైన్ మార్చి వచ్చాను.
డిసెంబరు రెండుసార్లు తప్పింది.
మార్చి తేలేసరికి మసక వెలుతురు.
వడ్డీ ఒక లక్షా అరవై నాలుగు వేల పైచిలుకు.
అరవై ఆరు వేలు మాత్రం ఇల్లు.
నిజాంపేటలో మూడో అంతస్తు,
వంటగది గోడకు చెమ్మ.
ఏడాది పొడుగునా నైట్లు చేస్తే
వంటగట్టు, సింకు, దాని కింది అలమర
నావయినట్టున్నాయి.
కింద అలవాటుగా
తేదీ, టైము, సంతకం, పూర్తి పేరు.

డ్యూటీ దిగి నేరుగా శ్రీశైలం దగ్గరికి.
జిరాక్స్ మిషనూ అతనే, పన్ను రిటర్న్‌లూ అతనే.
పాస్‌బుక్‌తో ఒక్కో నెలా కలుపుకుని
"కట్టినవ్ గదక్కా, హక్కు నీదే.
కాయితం రాలేదని వడ్డీ కట్టనట్టు గాదు.
కానీ రేపు నోటీసొస్తే సూపెట్టాలె.
వాళ్ల ఎంటబడుడు మాత్రం ఇడువకు" అన్నాడు.
అప్పిచ్చినవారి పేరు, అడిగింది ఫారం.
ఇచ్చినవాడి పేరా, మింగినవాడి పేరా?
శ్రీశైలం తల గోక్కుని
మింగినవాడిదే కొట్టాడు.
నంబరు కోసం నా ఫోన్‌లో
ఐదో తారీఖు మెసేజ్‌లన్నీ వెతికి
తోక నాలుగంకెలు పట్టాడు. మిగతావాటికి
మళ్లీ సన్నాయి.

గంటన్నరకు ఎవరో మనిషి గొంతు పలికింది,
మొత్తం నంబరు చెప్పింది, సర్టిఫికెట్ మాత్రం
పదిహేను పనిదినాలంది.
గడువు రెండు రోజులు.

చార్టు మిషను మీద పెట్టబోతూ తిరగేశాడు.
వెనక ఎవరిదో జ్వరం,
నూటనాలుగు దాకా ఎక్కి
ఐదో రోజుకు మెల్లగా దిగిన గీత.
"రెండు దిక్కులా తియ్యాల్నా అక్కా?"

తియ్యి, అన్నాను.